మనోవ్యాధుల మందులు: నర్సింగు విద్యార్థులకు మనం నేర్పని చూపు



మొన్న మా వీధి చివర ఉండే మిత్రుడొకరు తన మనుమరాలిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి జి.ఎన్.ఎం. రెండవ సంవత్సరం చదువుతున్నది. మానసిక ఆరోగ్య నర్సింగు పరీక్ష దగ్గరపడింది. "తాతగారూ, మందుల పేర్లన్నీ కంఠస్థం చేశాను. ఏ మందు ఏ జబ్బుకో, ఎన్ని మిల్లీగ్రాములో గడగడా చెప్పగలను. కాని రోగికి మాత్ర ఇచ్చిన తరువాత నేను అక్కడ నిలబడి ఏం చూడాలి? అది మాత్రం నాకెవరూ చూపించలేదు" అన్నది.

ఆ పూట నాకు తోచిన నాలుగు మాటలు చెప్పి పంపాను. రాత్రి నిద్రపట్టలేదు. ఆ ప్రశ్న నన్ను ముప్పై ఏళ్లకు పైబడిన ఒక వేసవికి తీసుకుపోయింది. ఆ వేసవిలో ఒక నర్సింగు విద్యార్థిని చూసినది నేను చూడలేదు. ఆమె చెప్పినది నేను వినలేదు. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు. ఇప్పుడు వ్రాస్తున్నాను.

ఆ వేసవి

అప్పుడు నేను పల్నాడు ప్రాంతంలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను. రెంటచింతల ఎండలు ఎటువంటివో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో ఒక స్త్రీ నడుము నొప్పితో వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మిరపకాయల తొడిమలు తీసే కూలి. పొద్దుటి నుండి సాయంత్రం దాకా వంగి కూర్చునే పని. నేను ఐదు రోజులకు ఇబుప్రోఫెన్ మాత్రలు వ్రాసి పంపాను. అప్పట్లో మా ఆసుపత్రికి పల్లెల్లో పనిచేసే ఎ.ఎన్.ఎం. శిక్షణ పొందుతున్న విద్యార్థినులు వంతులవారీగా వచ్చేవారు. వారిలో ఒక అమ్మాయి ఆ రోగి సంచిలోని పాత చీటీ చూసి, "సార్, ఈ అక్క రోజూ లిథియం బిళ్లలు వేసుకుంటుందట" అన్నది. "అది వేరే జబ్బుకులే" అని నేను తరువాతి రోగిని పిలిచాను.

ఐదో రోజున ఆమెను ఎడ్లబండి మీద తీసుకొచ్చారు. వాంతులు, విరేచనాలు. వేసవిలో రోజుకు పదిమంది అలా వచ్చేవారు. సెలైన్ పెట్టించాను. ఇంటి నుండి తెచ్చుకున్న మాత్రలు మానవద్దని కూడా చెప్పాను. సాయంత్రం ఆ విద్యార్థిని మళ్లీ వచ్చి నిలబడింది. "సార్, ఆ అక్క చేతిలో గ్లాసు నిలవడం లేదు. మాట ముద్దగా వస్తున్నది. బయటికి వెళ్లడానికి లేస్తే తూలిపోతున్నది. విరేచనాలకు ఇలా అవుతుందా సార్?" అని అడిగింది. "ఎండదెబ్బ అమ్మాయ్, నీరసం. సెలైన్ పూర్తికానీ" అన్నాను.

తెల్లవారేసరికి రోగికి స్పృహ సరిగా లేదు. అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. గుంటూరు పంపించాము. రక్తంలో లిథియం ప్రమాదస్థాయిని ఎంతో దాటిపోయిందని తరువాత తెలిసింది. ఆమె బ్రతికింది. కాని నడక మునుపటిలా రాలేదు. లిథియం విషప్రభావం ఎక్కువసేపు ఉంటే చిన్నమెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఏడాది తరువాత ఆమె గోడ పట్టుకొని నడుస్తూ నా గదిలోకి వచ్చి, నన్నేమీ అనకుండా, బిడ్డకు జ్వరమని చెప్పి మందు తీసుకొని వెళ్లింది. ఆమె నన్ను తిట్టి ఉంటే కొంత తేలికపడి ఉండేవాడిని.

నా చదువులో ఆ విషయాలన్నీ ఉన్నాయి. పరీక్షలో అడిగితే తప్పకుండా వ్రాసి ఉండేవాడిని. కాని ఆ సాయంత్రం రోగి చేతిని చూసినది పద్దెనిమిదేళ్ల విద్యార్థిని. ఆమెకు పాఠం తెలియదు, చూపు ఉన్నది. నాకు పాఠం తెలుసు, చూపు లేదు. ఈ రెండూ కలిసి ఉంటే ఆ తల్లి ఈనాడు గోడ పట్టుకోకుండా నడిచేది.

లిథియం ఎందుకు విషమయింది?

ఈ మాట పాఠకులు తెలుసుకొనడం మంచిది. మందుగా వాడే లిథియం ఒక లవణం. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు ఉన్మాదస్థితిలో ఉన్న రోగులకు అది మేలు చేస్తుందని 1949లో ప్రకటించాడు. అదే సంవత్సరం అమెరికాలో గుండెజబ్బుల వారికి మామూలు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడు వాడించగా కొందరు మరణించారు. ఒకే సంవత్సరంలో అదే లిథియం ఒకచోట ఔషధము, మరొకచోట విషము. రహస్యం మోతాదులోను, శరీరంలోని ఉప్పు నీళ్లలోను ఉన్నది.

మన మూత్రపిండాలు సోడియాన్ని, లిథియాన్ని దాదాపు ఒకే తీరున చూస్తాయి. చెమటలోను, విరేచనాలలోను ఉప్పు పోయినప్పుడు అవి సోడియాన్ని పొదుపుచేయబోయి లిథియాన్ని కూడా పట్టి ఉంచుతాయి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు మూత్రపిండాలకు రక్తప్రవాహాన్ని తగ్గించి లిథియం బయటికి పోకుండా చేస్తాయి. రక్తపుపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్‌లు కూడా రక్తంలో లిథియాన్ని పెంచగలవు. మేలుచేసే స్థాయి లీటరుకు సుమారు 0.6 నుండి 1.0 మిల్లీఈక్వివలెంట్లు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. మేలుకు, కీడుకు మధ్య ఉన్న గట్టు అంత సన్ననిది. పరీక్షకు రక్తం కూడా చివరి మోతాదు వేసుకున్న పన్నెండు గంటల తరువాత తీయాలి. ఉదయం మాత్ర మింగి నేరుగా వచ్చిన రోగికి రక్తం తీస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ఆ సంగతి గమనించి రోగిని అడగవలసినది సూది పట్టుకున్న నర్సే.

ఇప్పుడు ఆలోచించండి. ఈనాడు మన పల్లెల్లో రక్తపుపోటు మాత్రలు ఎవరి చేతి మీదుగా ఇంటింటికీ చేరుతున్నాయి? ఎ.ఎన్.ఎం.ల చేతి మీదుగా. టెల్మిసార్టాన్ చేతికిచ్చే అమ్మాయికి ఆ ఇంట్లో ఎవరైనా లిథియం వాడుతున్నారేమో అడగాలని తెలియకపోతే, నా తప్పు వేరొక రూపంలో మళ్లీ జరుగుతుంది.

నా అభిప్రాయం

నర్సింగు విద్యార్థులకు మనోవ్యాధుల మందుల విషయంలో మనం మాత్రలు పంచడం నేర్పుతున్నాము, రోగిని గమనించడం నేర్పడం లేదు. గమనించినవారికి నోరు తెరిచి అడిగే హక్కు ఇవ్వడం లేదు. ఈ రెండూ మారాలి. ఇది నర్సుల బాగుకోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో ఇటువంటి మందులు వాడేవారు ఉండే ఉంటారు. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. మానసిక వైద్యులు ఉండేది పట్టణాలలో. రోగులు ఉండేది అన్ని ఊళ్లలో. వైద్యుడు నెలకొకసారి ఐదు నిమిషాలు చూస్తాడు. తక్కిన రోజులలో ఆ మందుకు కాపలా ఎవరు?

పుస్తకం పంచవలసిన ఐదు సరులను చెబుతుంది: సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గం, సరియైన సమయం. అవి ఉండవలసినవే. కాని నా రోగి విషయంలో ఆ ఐదూ సరిగానే ఉన్నాయి. లిథియం సరియైన మనిషికే, సరియైన మోతాదులోనే వెళ్లింది. అయినా ఆమె పడిపోయింది. ఆరవది ఒకటి కావాలి: మందు లోపలికి వెళ్లిన తరువాత మనిషి ఎలా ఉన్నాడో చూడడం.

ఏం చూడాలి?

మిత్రుని మనుమరాలికి ఆ పూట సరిగా చెప్పలేకపోయిన జవాబు ఇదిగో. ఇది విద్యార్థులకే కాదు, ఇంట్లో రోగిని చూసుకునే మీకూ పనికివస్తుంది.

హాలోపెరిడాల్ వంటి మందులు మొదలుపెట్టిన కొద్ది గంటలలో, లేక కొద్ది రోజులలో కొందరికి మెడ ఒక ప్రక్కకు మెలితిరిగిపోతుంది. కనుగుడ్లు పైకి నిలిచిపోతాయి. నాలుక బయటికి వస్తుంది. చూసినవారు దయ్యం పట్టిందనుకొని భూతవైద్యుని దగ్గరికి పరుగెత్తడం నేను ఎన్నోసార్లు చూశాను. అది దయ్యమూ కాదు, రోగి నటనా కాదు, మందు ప్రభావం. ప్రోమెథజిన్ సూదిమందు ఇస్తే సాధారణంగా కొద్దిసేపటిలోనే సర్దుకుంటుంది. ఇంత తేలికగా పోయే బాధను గుర్తించేవారు లేక, ఆ రోగి జీవితాంతం మందులంటే భయపడి దూరమవుతాడు.

ఇదే జాతి మందులతో మరొక బాధ ఉన్నది. రోగి ఒకచోట కూర్చోలేడు. కాళ్లు ఊపుతాడు, వార్డులో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. జబ్బు ముదిరిందని వ్రాసి మోతాదు పెంచుతారు. పెంచిన కొద్దీ అది ఎక్కువవుతుంది. "నీ మనసు తిరగమంటున్నదా, నీ కాళ్లు తిరగమంటున్నాయా?" అని రోగిని ఒక్క మాట అడిగితే తేడా తెలుస్తుంది. ఆ మాట అడగడానికి వైద్యపట్టా అక్కరలేదు.

మూడవది అరుదు, కాని ప్రాణాంతకం. మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన తొలి రోజులలో తీవ్రమైన జ్వరం, కర్రలాగా బిగుసుకుపోయిన ఒళ్లు, చెమటలు, మతి తప్పడం. ఈ నాలుగూ కలిసివస్తే జ్వరం మాత్ర ఇచ్చి కూర్చోకూడదు. తరువాతి మోతాదు ఆపి వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. ఇక మన ఎండలలో మరొకటి గుర్తుంచుకోవాలి. ఈ మందులలో కొన్ని, వాటితోపాటు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా, చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. చెమట పట్టని మనిషికి వడదెబ్బ త్వరగా తగులుతుంది. వేసవిలో ఇటువంటి రోగిని మధ్యాహ్నం పొలానికి పంపవద్దని ఇంటివారికి చెప్పవలసినది ఎవరు?

క్లోజపిన్ ఇతర మందులకు లొంగని మనోవ్యాధికి గొప్ప మందు. కొద్దిమందిలో అది తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. అందుకే మొదటి పద్దెనిమిది వారాలు వారానికొకసారి రక్తపరీక్ష చేయించడం పద్ధతి. క్లోజపిన్ వాడే రోగి గొంతు నొప్పి, జ్వరం అంటే అది మామూలు జలుబు అనుకోకూడదు. ఆ పూటే రక్తం పరీక్షించాలి. దీనితో మలబద్ధకం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. "నిన్న విరేచనమయిందా?" అని రోజూ అడగడం చిన్నపనిగా కనిపించవచ్చు. అది ప్రాణం కాపాడే పని. మరొక విశేషం. బీడీలు, సిగరెట్ల పొగ క్లోజపిన్‌ను శరీరం నుండి త్వరగా పంపివేస్తుంది. బీడీలు బాగా త్రాగే మనిషి వార్డులో చేరి అవి మానేస్తే, అదే మోతాదుకు రక్తంలో మందు పెరిగిపోతుంది. రోగి మత్తుగా పడి ఉంటే, "ఇతనికి బీడీ ఎప్పటి నుండి ఆగింది?" అని అడిగే నర్సు వైద్యునికి కుడిభుజం.

దిగులు జబ్బుకు వాడే ఫ్లుయోక్సెటిన్, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు మేలు చూపడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే రోగి వారానికే మానేస్తాడు. మొదటి వారాలలో మరింత కనిపెట్టి ఉండాలి. దిగులు తగ్గకముందే ఒంటికి కొంత ఓపిక రావచ్చు. యువతీయువకులలో ఆ రోజులలో ప్రాణం తీసుకోవాలనే తలపులు పెరిగే అవకాశం ఉన్నది. "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే రోగికి బరువు దిగుతుంది. అమిట్రిప్టిలిన్ వంటి పాత మందులు ఎక్కువ మ్రింగితే గుండె లయ తప్పి ప్రాణం పోతుంది. అందుచేత అటువంటి రోగి చేతికి నెల మాత్రలు ఒకేసారి ఇవ్వరాదు. ఇంట్లో ఒకరి దగ్గర ఉంచాలి.

ఇక పేర్ల గందరగోళం. క్లోజపిన్, క్లోనజపామ్, క్లోర్‌ప్రోమజిన్, క్లోర్‌ప్రోపమైడ్. చెవికి ఒకేలా ఉంటాయి. మొదటి జంటలో ఒకటి మనోవ్యాధికి, మరొకటి మూర్ఛకు, ఆందోళనకు. రెండవ జంటలో ఒకటి మనోవ్యాధికి, మరొకటి మధుమేహానికి. హాలోపెరిడాల్ మామూలు సూదిమందు మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు. నెలకొకసారి కండకు ఇచ్చే హాలోపెరిడాల్ డెకనోయేట్ నూనెమందు మిల్లీలీటరుకు 50. పేరు ఒకటే, బలం పదింతలు. ఆ నూనెమందును నరానికి ఎన్నడూ ఎక్కించకూడదు. హడావుడిగా ఉన్న రాత్రి డ్యూటీలో ఫోనులో విన్న పేరును తిరిగి అక్షరం అక్షరం చదివి వినిపించమని విద్యార్థికి నేర్పాలి. విసుక్కోకుండా వినమని వైద్యుడికి నేర్పాలి. రెండవది కష్టమైన పాఠం.

మన ఊళ్లలోని మందులు

పాఠ్యపుస్తకాలలో కనిపించనివి, మన తెలుగు పల్లెలలో రోజూ కనిపించేవి రెండు మూడు ఉన్నాయి.

మొదటిది తాగుడు మాన్పించే మందు. భర్తకు తెలియకుండా కూరలోనో, మజ్జిగలోనో డైసల్ఫిరామ్ పొడి కలిపిపెట్టడం నేను ఎన్ని ఊళ్లలో చూశానో లెక్కలేదు. ఆ ఇల్లాళ్ల దుఃఖం నాకు తెలుసు. కాని ఆ మందు ఒంట్లో ఉండగా సారా పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపుపోటు పడిపోయి, గుండె ఆగిపోవచ్చు. మందు మానిన తరువాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అది రోగి అంగీకరించి, తెలిసి వేసుకోవలసిన మందు. ఈ మాట ఆ ఇల్లాలికి నొప్పించకుండా చెప్పగలిగినది ఆమె వంటింటి దాకా వెళ్లగల ఎ.ఎన్.ఎం. ఒక్కతే.

రెండవది కల్తీ కల్లు. తెలంగాణలో అనేక చోట్ల కల్లులో ఆల్ప్రజొలామ్, డయజపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారన్నది అందరికీ తెలిసినదే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రోగులు వరుసకట్టారు. వణుకు, నిద్రలేమి, పిచ్చిమాటలు, మూర్ఛలు. వారు మనోవ్యాధిగ్రస్తులు కారు. మత్తుమందు ఒక్కసారిగా ఆగినందువల్ల వచ్చిన బాధ అది. ఇదే ప్రమాదం నిద్రమాత్రలు ఏళ్ల తరబడి వాడి ఒక్క రోజులో మానేసేవారికీ ఉన్నది. ఏ వార్డులో ఏ రోగి చేరినా, "రోజూ కల్లు తాగుతావా? నిద్రమాత్ర వేసుకుంటావా?" అని అడగడం తెలంగాణ నర్సింగు విద్యార్థికి నాడి చూడడం అంత అలవాటు కావాలి.

మూడవది వాల్‌ప్రొయేట్. మూర్ఛకు, ఉన్మాదానికి రెంటికీ వాడతారు. గర్భవతి వాడితే నూటికి పదిమంది శిశువులలో తీవ్రమైన అవయవలోపాలు వస్తాయి. వెన్నెముక మూసుకోకపోవడం వాటిలో ఒకటి. అంతకంటే ఎక్కువమంది పిల్లలలో తరువాత బుద్ధి వికాసం మందగిస్తుంది. ఈ హాని తొలి వారాలలోనే, చాలామందికి గర్భమన్న సంగతి తెలియకముందే మొదలవుతుంది. కనుక గర్భవతుల పేర్లు నమోదు చేసే రోజున అడిగితే ఆలస్యమే. పెళ్లయిన పిల్ల మూర్ఛమందు వాడుతున్నదని తెలిసిన రోజునే ఎ.ఎన్.ఎం. ఆమెను వైద్యుని దగ్గరికి పంపాలి. మందు తనంత తాను ఆపమని మాత్రం చెప్పకూడదు. ఒక్కసారిగా ఆపితే వచ్చే మూర్ఛ తల్లికీ బిడ్డకూ ప్రమాదమే.

ఎదురుమాటలు

ఇది చదివి నా తోటి వైద్యులు కొందరు మూడు మాటలు అంటారని నాకు తెలుసు.

"మందుల చెడుగుణాలు ఇంతగా నేర్పితే విద్యార్థులు భయపడతారు, రోగులను భయపెడతారు, రోగులు మందులు మానేస్తారు" అంటారు. నా అనుభవం దీనికి విరుద్ధం. రోగులు మందు మానేది చెడుగుణం ముందే చెప్పినందుకు కాదు, చెప్పకుండా వచ్చినందుకు. నోరు ఎండుతుంది, వారంలో సర్దుకుంటుంది అని ముందే చెప్పిన రోగి సర్దుకునే దాకా ఆగుతాడు. చెప్పని రోగి మూడవ రోజున మాత్రలు చూరులో దోపుతాడు.

"వాళ్లకు ఉన్న రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేలు చాలవా? ఇంకొకటి నెత్తిన పెడతారా?" అంటారు. ఇది న్యాయమైన మాట. నేను కొత్త రిజిస్టరు అడగడం లేదు. ఉన్న రిజిస్టర్లలో ఎవరూ చదవనివి రెండు తీసివేయమంటాను. పనిభారం నిజం. కాని పనిభారం పేరు చెప్పి చూపును వదులుకుంటే మిగిలేది పంపకమే.

"నర్సు పని నర్సు చేయాలి, నిర్ణయం వైద్యునిది" అంటారు. అవును, నిర్ణయం వైద్యునిదే. కాని నిర్ణయానికి కావలసిన వార్త ఎవరు తెస్తారు? కర్ణాటకలో బళ్లారి జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులకు, పల్లెల ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి మనోవ్యాధులకు ఊళ్లోనే వైద్యం అందించవచ్చునని చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. మన అనంతపురానికి పక్కనే ఉన్న జిల్లా అది. పల్లె కార్యకర్త గమనింపును నమ్మినందువల్లనే అది సాధ్యమయింది.

విద్యార్థుల మనసు సంగతి

ఇంకొక మాట చెప్పకుండా ముగించలేను. మనోరోగులను చూసుకోవడం నేర్పే మనము, ఆ నేర్చుకునేవారి మనసును పట్టించుకుంటున్నామా? పదిహేడు, పద్దెనిమిదేళ్లకు పల్లె విడిచి హాస్టలుకు వచ్చిన పిల్లలు. రాత్రి డ్యూటీలు. మొదటి మరణాన్ని చూసిన రాత్రి వారితో మాట్లాడేవారు ఉండరు. తప్పు జరిగితే తిట్లు మాత్రం అందరి ఎదుటా పడతాయి. దిగులు మందు వాడుతున్నానని ఒక విద్యార్థిని చెప్పుకుంటే "ఇది రోగులకేం చేస్తుంది" అన్న గుసగుసలు. మందుల గది తాళాలు చేతిలో ఉన్న పిల్ల, ఎవరికీ చెప్పుకోలేని దిగులుతో ఉండడం ఎంత ప్రమాదమో మీరే ఊహించండి.

ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని నేరస్థునిగా కాక తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి ఆదుకోవాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ఆ చట్టాన్ని పాఠంగా చెప్పే కళాశాలలే తమ విద్యార్థులను అలా చూడాలి. ఎవరికైనా మాట్లాడవలసివస్తే 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు నుండి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ సేవ అది. ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడతారు. ఆ అంకెను ప్రతి నర్సింగు హాస్టలు గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాయమని కోరుతున్నాను.

నేను కోరేది

చాలా చోట్ల మానసిక ఆసుపత్రి శిక్షణ అంటే బస్సులో తీసుకువెళ్లి, వార్డులు త్రిప్పి, రికార్డు పుస్తకం నింపించి తీసుకురావడంగా మారింది. పాత బ్యాచీ రికార్డు చూసి కొత్త బ్యాచీ నకలు వ్రాసుకుంటుంది. దాని బదులు ప్రతి విద్యార్థికి ఒక్క రోగిని అప్పగించండి. మందు మొదలైన రోజు నుండి కనీసం ఆరు వారాలు ఆ రోగి బరువు, రక్తపుపోటు, నిద్ర, నడక, చేతివణుకు, విరేచనం, మాట ఒక్క కాగితం మీద వ్రాయించండి. ఒలాంజపిన్ వాడే మనిషి నెలలో ఎంత బరువు పెరుగుతాడో పుస్తకం చెప్పడం వేరు, తన చేతులతో తూచి చూడడం వేరు. ఇంటికి పంపేటప్పుడు ఆ విద్యార్థి చేతనే ఇంటివారికి తెలుగులో చెప్పించండి: ఈ మందు పేరు ఇది, దీనికి ఇది చేస్తుంది, ఇవి కనిపిస్తే వెంటనే రండి. చెప్పగలిగితే నేర్చుకున్నట్లు. ఆ తరువాత మార్కులు వేయండి.

రెండవది ఇంకా చిన్నది. రోగి కేసుషీటులో "నర్సు గమనించినది" అని ఒక గీత ఉండాలి. విద్యార్థి అయినా అందులో వ్రాయవచ్చు. వ్రాసినదానికి వైద్యుడు ఆ పూటే క్రింద జవాబు వ్రాసి సంతకం చేయాలి. "చూశాను, ఇది ఫలానా కారణం వల్ల కాదు" అని వ్రాసినా సరే. కాని చూడకుండా సంతకం చేయలేడు. ఆ వేసవి సాయంత్రం నా ముందు అటువంటి గీత ఉండి, దాని మీద "చేతిలో గ్లాసు నిలవడం లేదు" అని వ్రాసి ఉంటే, క్రింద "ఎండదెబ్బ" అని వ్రాయడానికి నా కలం ఒక్క క్షణం ఆగి ఉండేది. ఆ ఒక్క క్షణం చాలు.

చివరగా పాఠకులకు ఒక మనవి. ఈ వ్యాసం చదివి మీరు గాని, మీ ఇంటివారు గాని వాడుతున్న మందులు ఒక్కటి కూడా మానవద్దు. ఈ మందులు లక్షలమందిని గొలుసుల నుండి, చీకటి గదుల నుండి బయటికి తెచ్చాయి. వాటికి భయపడవలసిన పనిలేదు, వాటిని కనిపెట్టి ఉండవలసిన పని ఉన్నది. మీ మందుల జాబితా ఒక కాగితం మీద వ్రాసి సంచిలో ఉంచుకోండి. నొప్పికో, జ్వరానికో ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ కాగితం ముందు చూపండి. మీకు మందిచ్చే నర్సమ్మ నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగితే విసుక్కోకండి. ఆమె మీ సమయం తీసుకోవడం లేదు, మీకు కాపలా కాస్తున్నది.

ఆ విద్యార్థిని ఎక్కడ పనిచేసి విరమించిందో నాకు తెలియదు. గుంటూరు నుండి వార్త వచ్చిన రోజున ఆమె నా గది గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చింది. "నేను గట్టిగా చెప్పవలసింది సార్" అన్నది. తప్పు నాదని ఆనాడు ఆమెతో అనలేదు. పెద్ద డాక్టరును కదా! మిత్రుని మనుమరాలు వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నది. ఆమెకు ముందుగా ఈ కథే చెబుతాను. మందుల పేర్లు ఆమెకు ఎలాగూ వచ్చు.